లేవకముందే దిగాల్సిన విమానం

మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది, ఇక్కడ అన్నాల పొద్దు.

“మామా, పెండ్లికి వస్తాండా. ముందు నంద్యాలలో అవ్వను చూసుకోని, ఆడనుంచి ఆళ్ళగడ్డకు పోవాల. ఫ్లైటుకు ముప్పై మూడు నిమిషాలంట గదా?”

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

“ఎవురు చెప్పినారు అల్లుడా?”

“ఫోన్ చెప్తాంది మామా. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. విమానంలో ముప్పై మూడు నిమిషాలు.”

వాడు పరాయోడు కాదు. నంద్యాలలో పుట్టి, కుందూ ఏటి ఇసకలో చెడుగుడు ఆడి, ఆళ్ళగడ్డలో చుట్టాల ఇంటికి లారీ టాపు మీద పోయివచ్చినోడే. అయినా అడిగాడు. తప్పు వాడిది కాదు. పన్నెండేళ్ళుగా ఊరి మొహం చూడక, ఊరి గురించి నాయకుల ఉపన్యాసాలు మాత్రమే చూస్తున్నవాడు నంద్యాలకు రన్‌వే, ఆళ్ళగడ్డకు టెర్మినల్ వచ్చేశాయని నమ్మితే వింతేముంది?

నంద్యాలలో విమానాశ్రయం లేదు. ఆళ్ళగడ్డలో విమానాశ్రయం మాట దేవుడెరుగు, రైల్వే స్టేషనే లేదు. కానీ ఈ రెండింటి మధ్య విమాన ప్రయాణ సమయం మాత్రం నిమిషాలతో సహా తయారుగా ఉంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకన్నా చక్కని వారసుడు పుట్టడు.

ఈ ముప్పై మూడు ఎక్కడిదా అని కూర్చుని కూపీ లాగాను. లెక్క మహా సులువు. ఏ విమానమైనా గంటకు 500 మైళ్ళు, అంటే 800 కిలోమీటర్ల పైచిలుకు పోతుందనుకోవాలి. రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెట్టి గీత గీసి, ఆ దూరాన్ని ఈ వేగంతో భాగించాలి. ఆపైన లేవడానికీ దిగడానికీ కలిపి 30 నిమిషాలు వేసుకోవాలి. 38 కిలోమీటర్లకు అచ్చంగా పట్టేది మూడు నిమిషాల లోపే. తక్కిన అరగంటా లేవడానికి, దిగడానికి. ప్రయాణం చిటికెడు, ఆర్భాటం చేటెడు. పనికి మూడు నిమిషాలు, శాలువాలకు ముప్పై నిమిషాలు కేటాయించే శంకుస్థాపన సభల్లో పెరిగిన వాళ్ళం కాబట్టి ఈ నిష్పత్తి మనకు కొత్తగా అనిపించకూడదు.

ఈ సూత్రంలో ఇంకో సొగసు ఉంది. దూరం సున్నా వేసి చూడండి. అప్పుడూ అరగంట వస్తుంది! నంద్యాల నుంచి నంద్యాలకు విమానంలో 30 నిమిషాలు. అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండి అరగంట ఆకాశయానం చేసినట్టు. (ఈ పద్ధతిలో రోజూ ప్రయాణించేవాళ్ళు మా ఊరి టీ బంకుల దగ్గర చాలామంది ఉన్నారు.)

సరే, ఎవరో మహానుభావుడు నిజంగానే విమానం తెచ్చి నంద్యాలలో నిలబెట్టాడనుకుందాం. ప్రయాణికుల జెట్ విమానం మామూలుగా 35,000 అడుగుల ఎత్తున పోతుంది. అంత ఎత్తు నుంచి సాఫీగా కిందికి రావాలంటే, వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్ళ చొప్పున, దిగాల్సిన చోటికి 190 కిలోమీటర్ల ముందే పైలట్ ముక్కు కిందికి వంచాలి. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య ఉన్నది 38. అంటే ఆళ్ళగడ్డలో దిగాల్సిన విమానం మహబూబ్‌నగర్ మీద ఉండగానే దిగడం మొదలుపెట్టాలి. అంటే నంద్యాలలో ఇంకా లేవకముందే. ఇంత సాంకేతిక పరిజ్ఞానం అమెరికా దగ్గర కూడా లేదు. మన దగ్గర మాత్రం ఉంది: మొదలుపెట్టకముందే పూర్తయిన పథకాలు ఎన్ని చూడలేదు?

పొట్టి విమాన ప్రయాణాలు లోకంలో లేకపోలేదు. స్కాట్లండు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు 1967 నుంచి విమానం నడుస్తోంది. దూరం మూడు కిలోమీటర్లకన్నా తక్కువ, సమయం రెండు నిమిషాలు. గాలి కలిసివస్తే నిమిషంలోపే దిగిన రోజూ ఉంది. అయితే ఆ రెండూళ్ళ మధ్య ఉన్నది సముద్రం. ఎక్కేది జెట్టూ కాదు, ఎనిమిది మంది పట్టే బుల్లి విమానం. మాకు సముద్రం ఏది? ఉన్నది కుందూ. అది వానాకాలంలో సముద్రమంత పొగరు చూపిస్తుంది గానీ ఎండాకాలంలో దానిలో గొర్రెలు మేస్తాయి.

ఇంతకీ అల్లుడు నిజంగా విమానంలోనే ఆళ్ళగడ్డ పోతానని మొండికేస్తే దారి లేకపోలేదు. నంద్యాల నుంచి ముందుగా ఆళ్ళగడ్డకు వీపు చూపించాలి. వాయవ్యంగా, కర్నూలు రోడ్డులో యాభై కిలోమీటర్ల పైన పోతే ఓర్వకల్లు విమానాశ్రయం. అక్కడ, ఆ రోజు విమానం ఉంటే, చెన్నై ఎక్కాలి. చెన్నైలో ఇడ్లీ తిని, ఆ రోజు విమానం ఉంటే, కడపలో దిగాలి. కడప నుంచి మైదుకూరు, చాగలమర్రి మీదుగా ఎనభై తొంభై కిలోమీటర్లు కారులో వస్తే ఆళ్ళగడ్డ. మొత్తం ఏడొందల కిలోమీటర్ల పైమాట. బయలుదేరిన చోటు నుంచి నడుచుకుంటూ వచ్చినవాడు అప్పటికి స్నానం చేసి, భోంచేసి, కునుకు తీసి ఎదురొస్తాడు.

ఓర్వకల్లు మాట వచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఆ విమానాశ్రయం మామూలుది కాదు. విమానం ఒక్కసారే ఎగరడం మొదలుపెట్టింది గానీ ప్రారంభోత్సవం మాత్రం రెండుసార్లు జరిగింది. 2019 జనవరి 8న చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. 2021 మార్చి 25న జగన్‌మోహన్ రెడ్డి మళ్ళీ ప్రారంభించారు. ఆ తర్వాత మూడో రోజున, మార్చి 28న, టికెట్టు కొన్నవాడు తొలిసారి విమానం ఎక్కాడు. రిబ్బను ధర తక్కువ, కత్తెర ఎలాగూ ఉంది, ఎన్నిసార్లయినా కత్తిరించుకోవచ్చు.

దానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. పేరు బంగారం లాంటిది, మాకు గర్వం. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడి కుంఫిణీ వాళ్ళను ముప్పుతిప్పలు పెట్టినవాడు. 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఉరితీసి, తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. అయితే ఆయన ఊరు ఉయ్యాలవాడ ఆళ్ళగడ్డ పక్కన, అదే శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఆయన పేరున్న విమానాశ్రయం చేరడానికి ఆయన ఊరివాళ్ళు నంద్యాల దాటి తొంభై కిలోమీటర్లకు తక్కువ కాకుండా పోవాలి. ఊరికి పేరు మిగిలింది, పేరుకు రెక్కలు మాత్రం ఓర్వకల్లులో మొలిచాయి.

హవాయి చెప్పులు వేసుకున్నవాడు కూడా హవాయి జహాజ్ ఎక్కాలని ప్రధానమంత్రి అన్నారు. ఉడాన్ పథకం లెక్క ప్రకారం గంట ప్రయాణానికి, అంటే రమారమి 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయల దగ్గర టికెట్టుకు కళ్ళెం వేశారు. కిలోమీటరుకు ఐదు రూపాయలు. మా ముప్పై ఎనిమిదికి నూట తొంభై. నాకేం అభ్యంతరం లేదు, కాళ్ళకున్నవి హవాయి చెప్పులే. జహాజే కావాలి.

కొత్త వాహనాల ఆశ మాకు ఇవాళ పుట్టింది కాదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ తవ్వినప్పుడు, చేలకు నీళ్ళే కాదు, పడవలు కూడా వస్తాయన్నారు. సరుకులు వేసుకుని కర్నూలు నుంచి కడపకు నీళ్ళ మీద తేలుతూ పోవడమే అన్నారు. చివరికి మునిగింది కంపెనీ. 1882లో సర్కారు కాలువను కొనుక్కుంది. కె.సి. కాలువలో నీళ్ళకే కొట్లాటలు జరిగే ఊళ్ళలో ఇవాళ పడవ సంగతి చెబితే పిచ్చివాడి కింద జమకడతారు. తర్వాత రైలు. నంద్యాల-ఎర్రగుంట్ల లైను, 123 కిలోమీటర్లు, తొంభైల్లో మంజూరై 2016 ఆగస్టులో ప్రయాణికుల బండి కూత పెట్టింది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు అంటూ పడమటి వైపు తిరిగిపోయింది. ఆ కూత ఆళ్ళగడ్డకు వినపడదు. తెలుగులో దగ్గరి దూరాన్ని కూతవేటు అంటారు. రైలు విషయంలో ఆళ్ళగడ్డ కూతవేటు దూరానికి కూడా నోచుకోలేదు.

శాస్త్రప్రకారం చూస్తే ఆకాశ హక్కు నంద్యాలకు లేదు, ఆళ్ళగడ్డకే ఉంది. నంద్యాల దేవుడి వాహనం నంది. చుట్టూ నవనందులు, పక్కన మహానంది. నంది నడుస్తుంది, కూర్చుంటుంది, యాగంటిలో అయితే పెరుగుతుంది కూడా అంటారు గానీ ఎగిరినట్టు ఎక్కడా లేదు. ఆళ్ళగడ్డ పక్కన అహోబిలం. అక్కడ గరుత్మంతుడు తపస్సు చేశాడని కొండకే గరుడాద్రి అని పేరు. కాబట్టి ఈ రూట్లో లైసెన్సు ఉన్న పైలట్ ఆయనొక్కడే. తమాషా ఏమిటంటే, ఇంటి ముందు అంత గరుడ వాహనం పెట్టుకుని కూడా అహోబిలేశుడు సంక్రాంతి వెళ్ళగానే పారువేటకు పల్లకీలో బయలుదేరతాడు. తన పెండ్లికి తానే ఊరూరా తిరిగి పిలుస్తాడు. ముప్పై పైచిలుకు ఊళ్ళు, నలభై రోజుల పైన, బోయీల భుజాల మీద. ఒక్క ఊళ్ళోనూ ‘ఫ్లైట్ టైం ఎంత’ అని అడిగిన దాఖలా లేదు.

విమానం వచ్చిందనే అనుకుందాం. ఎక్కేదెవరు? ఆళ్ళగడ్డ అంటే శిల్పులు. రాతిని నందిగా, నందిని వినాయకుడుగా మార్చగల చేతులు. నంద్యాలలో గుడికి విగ్రహం అప్పగించి ఇంటికి పోతున్న శిల్పిని భద్రతా సిబ్బంది ఆపుతారు. సంచిలో ఏముంది? ఉలి. ఇంకా? సుత్తె. ఇంకా? ఇంకో ఉలి, సన్నది. కూర్చోబెడతారు. ఇక విగ్రహం ఆళ్ళగడ్డ నుంచి రావాల్సినప్పుడు సామాను బరువు పదిహేను కిలోలు దాటకూడదంటారు. గర్భగుడి నందికి తోక ఒక్కటే వస్తుంది. తక్కినది తర్వాతి విమానంలో.

మా వైపు గాలిలోకి లేచిన వాహనాలు అసలే లేవనడం కూడా అన్యాయం. సుమోలు లేచాయి. 2002లో వచ్చిన ‘ఆది’ సినిమాలో బాణాసంచా మాదిరి లేచాయి. మా సీమ పేరు చెప్పి తీసిన సినిమాలన్నీ కలిపితే గాలిలో గిరికీలు కొట్టిన సుమోల సంఖ్య చిన్న దేశపు వాయుసేనకు సరిపోతుంది. నిజం సుమోలు మాత్రం పాపం ఇప్పటికీ శిరివెళ్ళ దగ్గర పంక్చరు వేయించుకుంటున్నాయి.

నిజంగా నంద్యాల మీదా ఆళ్ళగడ్డ మీదా ఎగిరేవాళ్ళు ఒక జాతి ఉన్నారు. ఎన్నికల సంవత్సరంలో వస్తారు, వలస పక్షుల మాదిరి. ఏ పార్టీ అన్న తేడా లేదు, అందరికీ రెక్కలు అద్దెకు దొరుకుతాయి. రెండు రోజుల ముందు ఎవరిదో చేను చదును చేస్తారు. ట్యాంకరుతో నీళ్ళు కొట్టి దుమ్ము అణుస్తారు. సున్నంతో పెద్ద గుండ్రం గీసి మధ్యలో హెచ్ అని రాస్తారు. హెలికాప్టర్ దిగుతుంది. గాలికి పక్క చేలో మిరప నారు పడుకుంటుంది. సభకు వచ్చినవాళ్ళలో సగం మంది హెలికాప్టర్ను చూసి, అది లేచేదాకా ఆగి, ఉపన్యాసం సంగతి ఇంకెవరినైనా అడిగి తెలుసుకుంటారు. ఆ గుండ్రంలో హెచ్ అంటే ఏమిటని ఒకసారి మా వీధి పిల్లాడు అడిగితే, పక్కనున్న రైతు తడుముకోకుండా చెప్పాడు: “హామీ.”

ఆ మాటకు నవ్వాను గానీ, ఈ దారి గురించి ఎంతసేపూ నవ్వలేం. 2014 ఏప్రిల్‌లో నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఆళ్ళగడ్డ ఇంటికి వస్తూ అక్కడి అభ్యర్థి శోభా నాగిరెడ్డి ఈ రోడ్డు మీదే కారు బోల్తాపడి గాయపడ్డారు. మరునాడు హైదరాబాదులో కన్నుమూశారు. ఆళ్ళగడ్డ ఆమెను చనిపోయాక కూడా గెలిపించింది. అంతకు దాదాపు ఐదేళ్ళ ముందు, 2009 సెప్టెంబర్ 2న, ఇప్పుడు మా జిల్లాలోనే ఉన్న నల్లమల గుట్టల మీద ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి హెలికాప్టర్ కూలింది. నేలా నింగీ రెండూ మాకు తెలుసు. స్కేలు పెట్టి గీత గీసేవాడికే తెలియదు.

అల్లుడికి అప్పుడే చెప్పేశాను. “రా అల్లుడా, నంద్యాలకు రా. తక్కిన ముప్పై మూడు నిమిషాలు నాకు వదిలేయ్.” పెండ్లి పనుల మీద ఆ సోమవారమే నేను ఆళ్ళగడ్డ పోవాల్సి వచ్చింది. బస్టాండుకు పోయాను.

మా బోర్డింగ్ పాసు తుండుగుడ్డ. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి లోపలికి విసరాలి. పడిన సీటు మనది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని హ్యాక్ చేయలేదు, ఇద్దరి తుండుగుడ్డలు ఒకే సీటు మీద పడితే తప్ప. అప్పుడు కూడా ఎవరిది కింద ఉందో వాళ్ళది. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి టికెట్టు ఉచితం. కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తున్నాడు, వాళ్ళు దాన్ని మడిచి భద్రంగా రవికలో పెట్టుకుంటున్నారు. ముందు సీటులో ఒకామె ఒళ్ళో గంప, గంపలో కోడి. కోడి ఒక్కటే మా బస్సులో రెక్కలున్న ప్రాణి, దాని కాళ్ళకు తాడు కట్టి ఉంది.

విమానం ఆళ్ళగడ్డ చేరే ఆ మూడు నిమిషాల్లో మేము బస్టాండు గేటు దాటాము.

నా పక్కన ఒక పెద్దాయన. పంచె, మెడలో కండువా, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. కవరులో కాగితాలు, ఒక్కోదానికి అట్ట పెట్టి పదిలంగా చుట్టినవి. ఆళ్ళగడ్డ అవతల ఊరంట. పొలం పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడింది. ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.

“ముందైతే కర్నూలుకు పోతాంటి” అన్నాడు. “నూరు కిలోమీటర్ల పైన. పొద్దున పోతే రాత్రికి తిరిగొస్తాంటి. నంద్యాల జిల్లా అయినంక శానా సులువైంది.”

2022 ఏప్రిల్ 4న జిల్లా వచ్చింది. సంతోషించి, “అయితే పని తొందరగా అవుతాందా?” అన్నాను.

“అప్పుడు అంత దూరం పోతే రేపు రా అంటాండ్రి. ఇప్పుడు దగ్గర్లోనే రేపు రా అంటాండారు.”

అయ్యలూరు మెట్ట దాటాం. ఊసుపోక మా అల్లుడి ముప్పై మూడు నిమిషాల కథ చెప్పాను, ఆ అరగంట లెక్కతో సహా. పెద్దాయన నవ్వలేదు. శ్రద్ధగా విన్నాడు. విని, కవరు ఒక చేత్తో అదుముకుని, నా ఫోన్ వైపు చూశాడు.

“అయితే దీంట్లో ఒకటి చూసి చెప్పు నాయనా. ఈ కాయితం కింది బల్ల కాడినుంచి పై బల్ల కాడికి పోను ఎంతసేపు పడుతుందో.”

“రెండు బల్లలకూ నడుమ ఎంత దూరం పెద్దాయనా?”

“ఏముంది, పది అడుగులుంటాది. మధ్యన ఒక బీరువా.”

పది అడుగుల్ని 500 మైళ్ళతో భాగించాను. సున్నా కిందే లెక్క. పైన ముప్పై కలిపాను.

“అరగంట” అన్నాను.

“లేసేదానికీ, దిగేదానికీ కలుపుకొనేనా?”

“కలుపుకొనే.”

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. బయట జొన్న చేలు వెనక్కి పోతున్నాయి. “మూడేండ్లాయె నాయనా, ఇంగా లెయ్యనే లేదు” అన్నాడు.

కండక్టరు శిరివెళ్ళ, శిరివెళ్ళ అని అరిచాడు. ముందు సీటు ఆమె గంప ఎత్తుకుని లేచింది. కోడి ఒకసారి రెక్కలు టపటపలాడించి ఊరుకుంది.